పటాచార అనంతర జీవితం: థేరీగాథ, అట్ఠకథల తులనాత్మక పఠనం

బౌద్ధ వాఙ్మయం నుంచి శోకానికి, సర్వనాశనానికి నిదర్శనం చూపవలసి వచ్చినప్పుడు ప్రవచనకారులు సాధారణంగా ఇద్దరు స్త్రీలను స్మరిస్తారు. ఒకరు చనిపోయిన బిడ్డను చంకన వేసుకొని, ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన కిసా గోతమి. మరొకరు అతి స్వల్ప వ్యవధిలో భర్తను, ఇద్దరు బిడ్డలను, తల్లిదండ్రులను, సోదరుణ్ణి పోగొట్టుకొని మతి తప్పిన పటాచార. ఈ రెండవ కథ ఇటీవల మరొక ప్రయోజనానికి కూడా వినియోగపడుతున్నది. జీవితంలో పెద్ద దెబ్బ తిన్నవారికి ధైర్యం చెప్పే సందర్భాలలో, ఆపదే అవకాశమన్న సూత్రానికి ఉదాహరణగా పటాచార పేరు వినబడుతున్నది. ఆమె అంత పోగొట్టుకొని అర్హత్త్వాన్ని పొందింది కదా, మన కష్టం ఏపాటిది అన్నది ఆ ప్రసంగాల సారాంశం.

ఈ వినియోగం ఎంతవరకు సమంజసమో మూలగ్రంథాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పటాచార తిరిగి నిలబడిందన్న విషయంలో వివాదం లేదు. ఎక్కడ, దేనిని ఆధారం చేసుకొని, ఎవరి మధ్య నిలబడిందన్నది విచారింపదగిన ప్రశ్న. ప్రచారంలో ఉన్న కథ జేతవనంలో ఆమెకు స్పృహ రావడంతో దాదాపు ముగుస్తుంది. థేరీగాథ ఆమెను మనకు చూపేది ఆ తరువాతి కాలంలోనే. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమను గమనించకపోతే, ఆమె జీవితంలో సగాన్ని, అందులోనూ ఆమె స్వయంగా నిర్మించుకొన్న సగాన్ని, మనం విడిచిపెట్టినవారమవుతాము.

అట్ఠకథ చెప్పిన వృత్తాంతం

థేరీగాథకు ధమ్మపాలాచార్యుడు రచించిన పరమత్థదీపనిలోను, ధమ్మపద అట్ఠకథలో 113వ గాథ సందర్భంగాను పటాచార వృత్తాంతం విస్తృతంగా ఉన్నది. దానిని సంక్షేపంగా స్మరించుకొంటే చాలు. ఆమె శ్రావస్తిలో ఒక శ్రేష్ఠి కుమార్తె. ఇంటి సేవకుని ప్రేమించి, అతనితో దూరగ్రామానికి వెళ్ళిపోయింది. తొలి కాన్పుకు పుట్టింటికి బయలుదేరితే దారిలోనే ప్రసవమైంది. మలి కాన్పుకు బయలుదేరినప్పుడు అకాలవర్షం పట్టుకొన్నది. ఆమెకు మరుగు కల్పించడానికి కొమ్మలు నరకబోయిన భర్త పాముకాటుకు మరణించాడు. వానలోనే ప్రసవించి, తెల్లవారి ఇద్దరు బిడ్డలతో అచిరవతి ఒడ్డుకు చేరింది. అది నేటి రాప్తీ నది. ఏరు పొంగి ఉన్నది. పెద్దవాణ్ణి ఈవలి ఒడ్డున ఉంచి, పసికందును ఆవలి ఒడ్డుకు చేర్చి, తిరిగి వస్తూ నడి ఏటిలో ఉండగా, పసికందును మాంసఖండమని భ్రమించి ఒక డేగ తన్నుకుపోయింది. దానిని తరమడానికి ఆమె చేతులెత్తి అరచింది. తల్లి తనను పిలుస్తున్నదనుకొని పెద్దవాడు ఏటిలో దిగి కొట్టుకుపోయాడు. శ్రావస్తికి చేరబోతూ ఎదురైన బాటసారిని తన పుట్టింటివారి సంగతి అడిగితే, రాత్రి వానకు ఆ ఇల్లు కూలి ముగ్గురూ మరణించారని, అదిగో కనిపించే పొగ వారి చితిదేనని అతడు చెప్పాడు.

ఆమెకు ఒంటిమీది బట్ట జారిన స్పృహ కూడా లేకపోయింది. జనం పిచ్చిదని తరిమారు, మట్టిబెడ్డలు విసిరారు. జేతవనంలో ధర్మోపదేశం చేస్తున్న తథాగతుని వైపు ఆమె వస్తుంటే పరిషత్తు అడ్డుకోబోయింది. ఆయన వారించి, ఆమెను సోదరీ అని సంబోధించి, స్మృతి తెచ్చుకోమన్నాడు. ఎవరో ఒక పురుషుడు తన పైవస్త్రాన్ని ఆమెకు విసిరాడు. మృత్యువు చేత చిక్కినవానికి కొడుకులుగాని బంధువులుగాని రక్షణ కాలేరన్న ఉపదేశాన్ని విని ఆమె స్రోతాపన్న అయింది, ప్రవ్రజ్య కోరింది. ధమ్మపదంలోని 288, 289 గాథలను కూడా అట్ఠకథ ఈ సందర్భానికే ముడిపెట్టింది.

ఇక్కడ ఒక్క అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆమెకు ఆ క్షణంలో అందినవి రెండు: సోదరీ అన్న పిలుపు, కప్పుకోవడానికి ఒక బట్ట. ఉపదేశం ఈ రెండింటి తరువాతది. ఆ బట్ట ఇచ్చిన వ్యక్తి పేరు కూడా కథ చెప్పదు. శోకంలో ఉన్నవారికి నేరుగా తత్త్వం చెప్పబోయేవారు ఈ క్రమాన్ని గమనించవలసి ఉంటుంది.

గాథలలో లేని విషాదం

73 విభాగాలుగా ఉన్న థేరీగాథలో పటాచార పేరిట ఉన్నవి ఐదు గాథలు. పాళీ టెక్స్ట్ సొసైటీ సంఖ్యాక్రమంలో అవి 112 నుంచి 116 వరకు ఉన్నవి. ఈ ఐదింటిలో భర్త మరణం లేదు. పాము లేదు, డేగ లేదు, ఏరు లేదు, చితి లేదు, ఉన్మాదం కూడా లేదు. కథను ముందుగా తెలియని పాఠకుడు ఈ గాథలను చదివితే, ఆమె సంసారం ఎలా ముగిసిందో ఊహించడానికి కూడా ఆధారం దొరకదు.

అయితే ఆ విషాదం థేరీగాథలో మరెక్కడా లేదా అంటే, ఉన్నది. కిసా గోతమి గాథలలో, 218, 219 సంఖ్యలలో, ప్రసవానికి పోతూ దారిలో భర్త మరణాన్ని చూసిన స్త్రీ, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీ, తల్లి, తండ్రి, సోదరుడు ఒకే చితిపై దహనం కావడం చూసిన స్త్రీ ఉత్తమపురుషలో మాట్లాడుతుంది. ఆవగింజల ప్రస్తావన మాత్రం ఆ గాథలలో కనిపించదు. వ్యాఖ్యాత ఈ రెండు గాథలను పటాచార వృత్తాంతంగానే గ్రహించి, స్త్రీజన్మలోని దుఃఖాన్ని వివరించే సందర్భంలో కిసా గోతమి వాటిని ఉదాహరించిందని సమన్వయించాడు. అదేవిధంగా పుత్రశోకంతో మతి చలించి, నగ్నంగా, విరబోసుకొన్న జుట్టుతో తిరిగిన స్త్రీ వాసేట్ఠి థేరి గాథలలో, 133 నుంచి 138 వరకు, కనిపిస్తుంది. ఆమె మూడేళ్ళు అలా తిరిగి, మిథిలలో బుద్ధుణ్ణి చూసి స్వస్థురాలైంది.

అంటే పటాచార కథలోని ప్రధాన ఘట్టాలు గాథల స్థాయిలో ఇతర థేరీల నోటనే వినబడుతున్నవి. దీనిని పాఠసంక్రమణలో జరిగిన తారుమారుగా భావించవచ్చు. వ్యాఖ్యాత సమన్వయాన్నే అంగీకరించవచ్చు. ఈ రెండు మార్గాలలో దేనిని అవలంబించినా ఒక సంగతి మిగులుతుంది. దుఃఖకథ ఆ భిక్షుణీ సంఘంలో ఒక్కరి సొంత ఆస్తిగా ఉండిపోలేదు. ఒకరి నష్టాన్ని మరొకరు తన నోట చెప్పగలిగేటంత సామాన్యానుభవంగా అది సంఘంలో ప్రవహించింది. ఎవరి కథ ఎంత ఘోరమైనదన్న పోటీకి అక్కడ చోటు లేదు. నీ కష్టం ఏపాటిదన్న నేటి ప్రసంగపు వాక్యం ఆ సంఘపు స్వభావానికే విరుద్ధమైనది.

ఐదు గాథల నడక

ఇక పటాచార గాథలలో ఏమున్నదో చూద్దాం. మొదటి గాథ పొలంలో మొదలవుతుంది. మనుషులు నాగళ్ళతో నేల దున్నుతారు, విత్తనాలు చల్లుతారు, ఆలుబిడ్డలను పోషించుకొంటారు, ధనం సంపాదిస్తారు. రెండవ గాథ ఒక ప్రశ్న. తాను శీలసంపన్నురాలు, శాస్త ఉపదేశాన్ని ఆచరిస్తున్నది, సోమరి కాదు, అహంకారి కాదు. అయినా తనకు నిబ్బానం ఎందుకు లభించడం లేదు? మూడవ గాథలో ఆమె కాళ్ళు కడుగుకొంటూ, ఆ నీరు మెరక నుంచి పల్లానికి పారడం గమనిస్తుంది. ఆ చూపుతో చిత్తాన్ని, జాతి గుర్రాన్ని అదుపు చేసినట్లు, నిలుపుతుంది. నాలుగవ గాథలో దీపం తీసుకొని విహారంలో ప్రవేశిస్తుంది, శయ్యను చూస్తుంది, మంచంపై కూర్చొంటుంది. ఐదవ గాథలో సూదితో వత్తిని కిందికి లాగుతుంది. దీపం ఆరినట్లు చిత్తానికి విమోక్షం కలుగుతుంది.

ఈ క్రమంలో ముందుగా నిలిచి చూడవలసినది రెండవ గాథ. ప్రచారకథలో జేతవనం తరువాత అంతా సాఫీగా సాగిపోతుంది. గాథ దానిని అంగీకరించదు. అట్ఠకథ ప్రకారం స్రోతాపన్న అయిన తరువాత కూడా, నియమబద్ధంగా సాధన చేస్తున్న స్త్రీకి ఫలం అందని కాలం ఒకటున్నది. ఆ కాలం ఎంతో గాథ చెప్పదు. లోపం తనలో లేదని ఆమెకు తెలుసు, తనను తాను నిందించుకోదు. లోపం లేకపోయినా ఫలం రాలేదన్నదీ ఆమెకు తెలుసు, దానిని దాచదు. పెద్ద దెబ్బ తిన్న తరువాత మళ్ళీ జీవితం మొదలుపెట్టినవారికి అత్యంత పరిచితమైన దశ ఇదే. లోకం దృష్టిలో వారు కోలుకొన్నారు. రోజువారీ పనులు చేస్తున్నారు. లోపల ఏదో ఇంకా కుదుటపడలేదు. బౌద్ధ వాఙ్మయంలో ఈ దశను ఇంత సూటిగా ఉత్తమపురుషలో చెప్పిన చోట్లు అరుదు. మన ప్రసంగాలు ఈ గాథను దాటవేయడం వల్లనే పటాచార కథ అద్భుతంగా మారిపోయి, వినేవారికి దూరమవుతున్నది.

మొదటి గాథలోని రైతు కూడా ఊరక రాలేదు. వ్యవసాయంలో దున్నడానికి, విత్తడానికి, పంట చేతికి రావడానికి మధ్య కాలం ఉంటుంది. ఆ కాలాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. అయితే దున్నినవానికి పంట వస్తుందన్న న్యాయమూ ఉన్నది. తన ప్రశ్నకు ముందు పటాచార ఈ న్యాయాన్ని నిలిపింది. ఆలుబిడ్డలను పోషించుకొనే గృహస్థుల చిత్రాన్ని, తన ఆలంబనలన్నీ పోయిన స్త్రీ, అసూయ లేకుండా, వైరాగ్యపు ఎగతాళి లేకుండా చెప్పడం కూడా గమనింపదగినది. గృహస్థజీవితాన్ని ఆమె నిందించలేదు. దాని శ్రమ నుంచి తన శ్రమకు కొలమానం తీసుకొన్నది.

మూడవ గాథకు అట్ఠకథ మంచి వివరణ ఇచ్చింది. ఆమె మూడుసార్లు నీరు పోసింది. మొదటిసారి పోసిన నీరు కొద్ది దూరం పోయి ఇంకింది, రెండవసారిది అంతకంటె దూరం, మూడవసారిది మరింత దూరం పోయింది. బాల్యంలో, నడివయసులో, వార్ధక్యంలో మరణించే ప్రాణులు ఇలాగే కదా అని ఆమె భావించింది. వ్యాఖ్యాత ఈ పోలికతో గాథకు దుఃఖస్మృతిని సున్నితంగా తిరిగి జోడించాడు. బిడ్డలు, భర్త, తల్లిదండ్రులు మూడు వయసులవారు. ఒకనాడు కొడుకును లాక్కుపోయిన నీరు, ఈనాడు కాళ్ళ మీద పోసుకొన్న చెంబెడు నీరు. పాఠకుని మనసులో ఈ రెండు కలవకుండా ఉండవు. అయినా గాథ ఆ మాట అనదు. గాథలో నీరు నీరుగానే పారుతుంది. ఈ నిగ్రహమే ఆ గాథకు బలం. పోగొట్టుకొన్నదానిని మరచిపోవడం వల్ల గాని, పదేపదే తలచుకోవడం వల్ల గాని ఆమెకు చిత్తైకాగ్రత కలగలేదు. ప్రతిరోజూ చేసే పనిని, ఎదుట జరిగేదానిని జరిగినట్లు చూడగలగడం వల్ల కలిగింది.

కాళ్ళు కడుగుకొని కూర్చోవడం

పటాచార గాథలు ఐదింటితో ముగిసినా, థేరీగాథలో ఆమె ప్రసక్తి ముగియదు. వెనువెంటనే వచ్చే మూడు విభాగాలు ఆమె శిష్యురాండ్రకు సంబంధించినవే. ఈ వరుసను చదవకుండా ఆమె జీవితాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

మొదటిది ముప్పైమంది థేరీల గాథలు, 117 నుంచి 121 వరకు. అక్కడ పటాచార అనుశాసనం ఇలా సాగుతుంది. మనుషులు రోకళ్ళు పట్టి ధాన్యం దంచుతారు, ఆలుబిడ్డలను పోషించుకొంటారు, ధనం సంపాదిస్తారు. మీరు పశ్చాత్తాపానికి తావివ్వని బుద్ధశాసనాన్ని ఆచరించండి, త్వరగా కాళ్ళు కడుగుకొని ఒక పక్కన కూర్చోండి. వారు అలాగే చేశారు. తొలిజామున పూర్వజన్మలు స్మరించారు, నడిజామున దివ్యచక్షువు పొందారు, కడజామున అంధకారరాశిని ఛేదించారు. ఆపైన లేచి ఆమె పాదాలకు నమస్కరించారు.

తన గాథలోని నాగలి ఇక్కడ రోకలి అయింది. పొలం ఇంటి ముంగిలికి వచ్చింది. వినేవారు స్త్రీలు కాబట్టి, వారు రోజూ వినే దంపుడు చప్పుడుకు ఆ ఉపమానం దగ్గరైందని భావించవచ్చు. అంతకంటె ముఖ్యమైనది కాళ్ళు కడుగుకోవడం. ఒకనాటి సాయంకాలం ఆమెకు యాదృచ్ఛికంగా జరిగిన సంఘటన ఇక్కడ బోధనాపద్ధతిగా మారింది. 175 నుంచి 181 వరకు ఉన్న ఉత్తరా థేరి గాథలలో కూడా ఇదే రోకలి, ఇదే పాదప్రక్షాళన, ఇదే పటాచార అనుశాసనం మళ్ళీ కనిపిస్తుంది. ఆ పద్ధతి ఒక్కసారితో ఆగలేదని, గురుపరంపరగా సాగిందని దీనివల్ల తెలుస్తున్నది. తన అనుభవంలో ఇతరులకు పనికివచ్చే భాగమేదో గుర్తించి, దానిని వ్యక్తిగత వివరాల నుంచి విడదీసి, ఎవరైనా ఆచరించగల క్రమంగా రూపొందించడం గురువు పని. పటాచార ఆ పని చేసింది.

రెండవది చందా థేరి గాథలు, 122 నుంచి 126 వరకు. చందా వితంతువు, బిడ్డలు లేరు, మిత్రులు బంధువులు లేరు, తినడానికి కట్టడానికి లేదు. కర్ర, భిక్షాపాత్ర పట్టుకొని ఏడేళ్ళు ఎండకు చలికి ఇల్లిల్లూ అడుక్కొన్నది. అన్నపానాలు లభిస్తున్న ఒక భిక్షుణిని చూసి, తనకూ ప్రవ్రజ్య ఇమ్మని కోరింది. పటాచార కరుణతో ఆమెకు ప్రవ్రజ్య ఇచ్చి, ఆపైన పరమార్థం వైపు నడిపింది. చందా సంఘంలో చేరాలనుకొన్నది ఆకలి వల్ల. ఆ సంగతిని గాథ దాచలేదు. పటాచార దానిని తప్పు పట్టలేదు. బట్ట లేని తనకు ముందు బట్ట దొరికిన జేతవన ఘట్టంతో దీనిని కలిపి చదివినప్పుడు, తనకు జరిగిన మేలును ఆమె మరొకరికి అదే క్రమంలో అందించిందని అర్థమవుతుంది.

మూడవది 127 నుంచి 132 వరకు ఉన్న గాథలు. పుత్రశోకంతో వచ్చిన ఐదువందల మంది స్త్రీలకు పటాచార చేసిన ఉపదేశంగా సంప్రదాయం వీటిని గ్రహిస్తుంది. ఐదువందలన్న సంఖ్య పాళీ వాఙ్మయంలో బహుత్వసూచకంగా తరచు వచ్చేదే. వచ్చిన దారి, పోయిన దారి తెలియని ప్రాణి కోసం నా కొడుకని ఏడుస్తున్నారెందుకు, అడగకుండా వచ్చాడు, చెప్పకుండా పోయాడు అన్నది ఆ ఉపదేశ సారం. చివర ఆ స్త్రీలు తమ హృదయంలో దాగిన ములుకును ఆమె పెకలించిందని చెప్పుకొంటారు.

ఈ గాథలలో ఉన్నదానికంటె లేనిది ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. పుత్రశోకంలో ఉన్న తల్లుల ఎదుట, ఇద్దరు కొడుకులను పోగొట్టుకొన్న స్త్రీ, నాకూ అలాగే జరిగిందని ఒక్కమాట అనలేదు. ఆ మాట అనే అర్హత ఆమెకంటె ఎవరికున్నది? అన్నట్లయితే ఆ తల్లుల దృష్టి తమ శోకం నుంచి ఆమె శోకం వైపు మళ్ళేది. వారు ఆమెను ఓదార్చవలసి వచ్చేదో, ఆమెతో తమను పోల్చుకొని సిగ్గుపడవలసి వచ్చేదో. ఆమె తన కథను పక్కన పెట్టి, వారి ప్రశ్నను మాత్రమే తీసుకొన్నది. ఆమె కథనే ముందు పెట్టి ఓదార్చబోయే మనం, ఆమె పద్ధతికి సరిగ్గా ఎదురుగా నడుస్తున్నాము.

వినయధరులలో అగ్రగణ్య

అంగుత్తర నికాయంలోని ఏతదగ్గ వర్గంలో, వినయధరులైన భిక్షుణులలో పటాచార అగ్రగణ్య అని చెప్పబడింది. భిక్షువులలో ఆ స్థానం ఉపాలిది. దుఃఖం నుంచి బయటపడిన స్త్రీకి కరుణలోనో ధ్యానంలోనో అగ్రస్థానం లభించిందంటే మనకు సహజంగా తోచేది. ఆమెకు లభించినది నియమశాస్త్రంలో. ఇది ప్రచారకథతో ఇమడదు కాబట్టి, సాధారణంగా చివర ఒక వాక్యంగా చెప్పి వదిలేస్తారు.

థేరవాద భిక్షుణీ పాతిమోక్ఖంలో నియమాలు 311. భిక్షుణికి ఉండవలసిన ఐదు వస్త్రాలు, వాటిని ధరించవలసిన తీరు, భిక్ష స్వీకరించవలసిన వేళ, నివాసం, ప్రయాణం, ఆపత్తి నిర్ణయం, క్షమాపణ క్రమం ఇవన్నీ వినయంలో భాగాలు. ఆమె పేరుకే అట్ఠకథ బట్టతో సంబంధం చెప్పింది. బట్ట జారిన స్పృహ లేక తిరిగిన స్త్రీ, అంతరవాసకాన్ని చుట్టూ సమంగా ధరించాలనే నియమం మొదలుకొని సంఘజీవనాన్ని నిలిపే శాస్త్రమంతటికీ ప్రమాణమైంది. లోకం దృష్టిలో కుటుంబ మర్యాదను మీరి వెళ్ళిపోయిన కూతురు, సంఘ మర్యాదకు సంరక్షకురాలైంది. వినయాన్ని నిషేధాల పట్టికగా చూసేవారికి ఇందులో వైపరీత్యం తోచవచ్చు. ఒక్కసారిగా అంతా కూలిపోయిన జీవితానికి, రేపు ఉదయం ఏం చేయాలో, ఎవరితో ఎలా మెలగాలో తెలియడం ఎంత ఆధారమో ఆలోచిస్తే ఆ వైపరీత్యం తొలగిపోతుంది. నియమం ఆమెకు ఇల్లు. ఆ ఇంటిని ఇతరుల కోసం నిలబెట్టడం ఆమె వృత్తి అయింది.

ఆపద కారణమా, సందర్భమా?

ఆపదే ఆమెను ఇంతటిదాన్ని చేసిందన్న వాదాన్ని సంప్రదాయం సమర్థిస్తుందా? థేరీ అపదానంలోని పటాచార అపదానం ఇందుకు సమాధానం చెబుతుంది. గాథలకంటె అర్వాచీనమైన ఈ రచన ఆమె కుటుంబవిషాదాన్ని కూడా వర్ణిస్తుంది. అయితే అది మొదలయ్యేది అక్కడ కాదు. పదుముత్తర బుద్ధుని కాలంలో, వినయధరులలో అగ్రస్థానం పొందిన ఒక భిక్షుణిని చూసి, తానూ ఆ స్థానం పొందాలని ఆమె ప్రణిధానం చేసింది. కస్సప బుద్ధుని కాలంలో కాశీరాజు కికి కుమార్తెగా పుట్టి దీర్ఘకాలం బ్రహ్మచర్యం పాటించింది. సర్వనాశనం కంటె ఎన్నో కల్పాల ముందే ఆ కోరిక, ఆ సాధన ఉన్నవి.

జన్మపరంపరను విశ్వసించేవారు దీనిని యథాతథంగా గ్రహిస్తారు. చరిత్రదృష్టితో చదివేవారు దీనిని తరువాతి సంఘం చేసిన వ్యాఖ్యానంగా చదువుతారు. ఇద్దరికీ తేలే అర్థం ఒక్కటే. ఆమె ప్రతిభకు మూలం ఆమె పడ్డ దెబ్బ అని ప్రాచీన సంఘం భావించలేదు. దెబ్బ దారి మళ్ళిన సందర్భం మాత్రమే. మూలం దీర్ఘకాలపు ప్రణిధానంలో, అభ్యాసంలో ఉన్నది. ఆపదను అవకాశమని కీర్తించడం వల్ల ఆపదకు లేని గౌరవం వస్తుంది. ఇద్దరు బిడ్డల మరణం ఎవరి విముక్తికీ సాధనం కాదు. ఆ మరణాల తరువాత కూడా విముక్తికి దారి మూసుకుపోలేదన్నది మాత్రమే ఈ గ్రంథాలు చెప్పేది. ఈ రెండు వాక్యాల మధ్య తేడా, శోకంలో ఉన్న శ్రోతకు వెంటనే తెలుస్తుంది.

కూర్పులు, అనువాదాలు

అట్ఠకథను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ధమ్మపాలుని వివరణ లేకపోతే మూడు నీటిధారల పోలిక మనకు దక్కేది కాదు. కిసా గోతమి గాథలలోని చిక్కును మొదట గుర్తించి సమాధానం వెదికినదీ ఆయనే. సమస్య అట్ఠకథలో లేదు. అట్ఠకథ కథాభాగాన్ని విడదీసి, గాథలను వదిలి చెప్పడంలో ఉన్నది.

ముద్రణలో గ్రంథం అమరిక కూడా చదువరి దృష్టిని నిర్ణయిస్తుంది. 1883లో రిచర్డ్ పిషెల్ పరిష్కరించిన థేరీగాథ పాఠం పాళీ టెక్స్ట్ సొసైటీ ద్వారా వెలువడింది. 1909లో కరొలిన్ రీస్ డేవిడ్స్ చేసిన ఆంగ్లానువాదం ప్రతి థేరి గాథలకు ముందు అట్ఠకథలోని వృత్తాంతాన్ని ఉంచింది. తొలి పాఠకులకు అది ఎంతో ఉపకరించింది. కాని ఆ అమరికలో కథ విన్న చెవితోనే గాథ వినవలసి వస్తుంది. 1971లో కె. ఆర్. నార్మన్ అనువాదం గాథలను విడిగా, భాషాశాస్త్ర వివరణలతో అందించింది. 2015లో చార్లెస్ హాలిసీ అనువాదం మూలంతో ఎదురెదురుగా వెలువడింది. ఈ తరువాతి కూర్పులలో పటాచార మొదట దీపం పట్టుకొన్న భిక్షుణిగా కనిపిస్తుంది. తెలుగులో థేరీగాథను కూర్చేవారు రెండింటినీ ఇవ్వవచ్చు. గాథ ముందు, వృత్తాంతం వెనుక ఉండడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పటాచార విభాగాన్ని ముప్పైమంది థేరీలు, చందా, ఐదువందలమంది, ఉత్తరల విభాగాలతో అన్వయించి చూపే సూచిక కూడా అవసరం.

మన పనికి దీని ప్రయోజనం

వారసత్వ పరిశోధకులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. అమరావతి స్తూపఫలకాల మీది దానశాసనాలలో భిక్షుణుల పేర్లు పలుమార్లు కనిపిస్తాయి. అంతేవాసిని అన్న మాటతో గురుసంబంధం, కొన్నిచోట్ల కుమార్తెలతో, బంధువులతో కలిసి చేసిన దానం వాటిలో నమోదై ఉన్నవి. ఉపాధ్యాయిని అన్న అర్థం గల ప్రాకృతపదం కూడా అక్కడ ఉన్నది. ఆ స్త్రీలు ఏ కారణం చేత సంఘంలో చేరారో శాసనం చెప్పదు. వైధవ్యమో, శోకమో, పేదరికమో మనం ఊహించి పూరించడానికి తొందరపడతాము. రాతి మీద వారు నిలుపుకొన్న గుర్తింపు మాత్రం వేరు: తాను ఎవరి శిష్యురాలు, ఎవరికి గురువు, ఏమి ఇచ్చింది. పటాచార పేరిట గాథలు చేసినదీ ఇదే. ఆమె పోగొట్టుకొన్నవారి పేర్లు థేరీగాథలో లేవు. ఆమె తీర్చిదిద్దినవారి గొంతులు ఉన్నవి. శాసనస్త్రీలను గురించి రాసేటప్పుడు కూడా ఆధారం ఉన్నచోటే మొదలుపెట్టడం న్యాయం.

ఆప్తులను పోగొట్టుకొన్నవారు విహారానికి వచ్చినప్పుడు ఏమి చెప్పాలన్నది భిక్షువులకు, ఉపదేశకులకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న. పటాచార కథ అప్పుడు తప్పక పనికివస్తుంది. అయితే ఏ భాగం, ఏ క్రమంలో అన్నది ముఖ్యం. తొలిరోజులలో శ్రోతకు డేగ, ఏరు, చితి అక్కరలేదు. ఆ చిత్రాలు అతని మనసులో ఇప్పటికే ఉన్నవి. కావలసినది సోదరీ అన్న పిలుపు వంటిది, పైవస్త్రం వంటిది. కొన్ని నెలలు గడిచి, అందరూ అతడు కోలుకొన్నాడని భావించే వేళ, అతనికి రెండవ గాథ అవసరమవుతుంది. అన్నీ సక్రమంగా చేస్తున్నా మనసు ఎందుకు కుదుటపడడం లేదని ఒక థేరి కూడా అడిగిందని, అడిగినందుకు ఎవరూ ఆమెను తప్పు పట్టలేదని తెలియడం చిన్న ఊరట కాదు. ఆ తరువాత నాగలి, నీరు, దీపం ఉన్నవి. ఎప్పుడో ఒకనాటికి, ఆ వ్యక్తి చేతికి ఒక పనిని అప్పగించడం, మరొకరికి ఆధారంగా నిలిచే అవకాశం ఇవ్వడం ఉన్నది. కొత్త అవకాశమన్న మాటకు థేరీగాథలో అర్థం వెదికితే దొరికేది ఇదే.

పటాచార జీవితాన్ని ఒక సంపుటిగా చూస్తే, సర్వనాశనం అందులో కొన్ని రోజులు. ఆపైన నడిచిన కాలంలో ఆమె వినయం నేర్చింది, నేర్పింది, ఆకలితో వచ్చినవారికి ప్రవ్రజ్య ఇచ్చింది, ఏడ్చేవారి ఎదుట కూర్చొన్నది, సాయంవేళ శిష్యురాండ్రను కాళ్ళు కడుగుకొని కూర్చోమన్నది. ఆ కొన్ని రోజులను మాత్రమే మనం ఇంతకాలం ఎక్కువగా చెప్పుకొన్నాము. మిగిలిన కాలానికి సాక్ష్యం ఇరవైకి పైగా గాథలలో ఉన్నది. ఉపదేశంలోను, పరిశోధనలోను ఆ సాక్ష్యానికి ముందుచోటు దక్కాలి.